షైనికి రెండు వయసులు

నీకెన్నేళ్ళమ్మా అని ఎవరైనా అడిగితే షైని ముందు వాళ్ళ చేతులకేసి చూస్తుంది. అడిగినవాడి చేతిలో పెన్నున్నా, ఒంటిమీద యూనిఫాం ఉన్నా పద్నాలుగు అంటుంది. రెండూ లేకపోతే పదహారు అంటుంది. పాపం ఆ పిల్ల తప్పు కాదది. మాటలొచ్చిన నాటినుంచీ తాత నేర్పిన పాఠం. ఎక్కాలకంటే ముందే వచ్చింది.

తాత జ్ఞానప్రకాశం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ట్రాఫిక్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళకి ఆయన కాలంలో ఓ అలవాటుండేది. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు వయసు ఏడాదో రెండేళ్ళో తగ్గించి రాయించేవారు. రేపు ఆ పిల్లలు రైల్వేలో దూరితే, ఎగ్గొట్టిన ఏళ్ళు సర్వీసు చివర్లో జీతంతో సహా తిరిగొస్తాయని లెక్క. ఆయనకి వాళ్ళ నాన్న తగ్గించాడు. అందుకే ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక కూడా వర్క్‌షాపుకి వెళ్ళాడు. ఆయన తన కొడుకు ఎబినేజర్‌కి తగ్గించాడు. ఎబినేజర్ ఎనిమిది తప్పి బడి మానేశాడు. రైల్వే అతన్ని గేటులోపలికి కూడా రానివ్వలేదు. ఉద్యోగం రాలేదుగాని తగ్గిన వయసు మాత్రం తగ్గినట్టే ఉండిపోయింది. ఇప్పుడతను ఊరి పక్కన సాలువాలో, సాయుధ పోలీసు క్యాంపు ఎదురుగా ఓ రేకుల గదిలో కూర్చుని ఖాకీ బట్టలు కుడతాడు. ఊళ్ళో ఎవరికి ఎంత నడుముందో అతనికి తెలుసు. తన వయసెంతో మాత్రం ఎవరైనా అడిగితే కాస్త ఆగి చెబుతాడు.

షైని విషయంలో తాతకి శ్రమ లేకుండానే కలిసొచ్చింది. ఎబినేజర్ భార్య దేవమణి పురిటికి పలాస దగ్గర పుట్టింటికి వెళ్ళింది. అక్కడ పిల్ల పుట్టిన సంగతి ఎవరూ రాయించలేదు. రెండేళ్ళయ్యాక జ్ఞానప్రకాశమే పాస్ మీద రైలెక్కి వెళ్ళి, మనవరాలు ఈమధ్యే పుట్టినట్టు రాయించుకొచ్చాడు. వచ్చి గర్వంగా చెప్పాడు కూడా: "దీనికి రైల్వేలో రెండేళ్ళు ఎక్స్‌ట్రా."

రైల్వేలో ఉద్యోగాలెక్కడున్నాయని అప్పుడెవరూ అడగలేదు.

ఇప్పుడు షైని తొమ్మిదో తరగతి. హిజ్లీలో పెద్ద ఇంజనీరింగు క్యాంపస్ ఉంది కదా, అక్కడ చదువుకునే పిల్లలు కొందరు సాయంత్రాలు బయటి పిల్లలకి ఊరికే లెక్కలూ సైన్సూ చెబుతున్నారు. షైనికి ఆ క్లాసంటే ప్రాణం. అదొక్కటే ఆ పిల్ల నోరు తెరిచి కావాలని అడిగిన వస్తువు. నడుద్దామంటే దూరం. వెళ్ళేటప్పుడు టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, దొరుకుతాయి, చీకటిపడ్డాక వచ్చేటప్పుడు దొరకవు. అందుకని దేవమణి చీటీ పాడి చిన్న ఎలక్ట్రిక్ స్కూటీ కొంది. షాపువాడు ఒట్టేసినంత పని చేశాడు. లైసెన్సు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు, ఇరవై అయిదు దాటి పరిగెత్తమన్నా పరిగెత్తదు, బొమ్మలాంటిది దాదా, అన్నాడు. గవర్నమెంటుకి చూపించాల్సిన పని లేని వస్తువు బతుకులో మొదటిసారి ఇంట్లోకి వచ్చిందని ఎబినేజర్ లోలోపల సంతోషించాడు.

ఆ సంతోషం వానాకాలం దాటలేదు. ఇలాంటి బండి మీదే ముగ్గురు పిల్లలు ఎక్కి వంతెన దిగుతూ లారీ కింద పడబోయారు. ఒకడికి కాలు విరిగింది. ఊరంతా గోలైంది. వారం తిరిగేసరికి గోడలమీద కాగితాలు వెలిశాయి. పిల్లల క్షేమం కోసం పదహారు నిండనివాళ్ళు ఎలక్ట్రిక్ బండి నడపకూడదు, నడిపేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవాలి, పట్టుబడితే బండి పోలీసు చౌకీలో ఉంటుంది. బెంగాలీలో ఉంది, హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. కింద గుండ్రటి ముద్ర ఒకటుంది. అది ఎవరి ముద్రో మూడు భాషలొచ్చినవాడికి కూడా అర్థం కాలేదు.

అది చూసి ఎబినేజర్ కంగారు పడలేదు. పడాల్సిన పని లేదనుకున్నాడు. షైనికి పోయిన నెలలో పదహారు నిండాయి. దేవమణి గోల్‌బజార్‌లో గులాబీరంగు హెల్మెట్ కూడా కొంది.

సోమవారం సాయంత్రం పూరీగేటు దగ్గర కానిస్టేబుల్ బండి ఆపాడు. హెల్మెట్ చూసి మెచ్చుకున్నాడు కూడా. పొమ్మనబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు జేబులోంచి పెన్ను తీశాడు.

"బొయొష్ కొతో?"

వయసెంత అని. షైని పెన్ను చూసింది, యూనిఫాం చూసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"చోద్దో."

పద్నాలుగు. బండి చౌకీకి పోయింది. పిల్ల హెల్మెట్ చేత్తో పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

"పదారు అనడానికేటైందే నీకు?" అన్నాడు ఎబినేజర్, సైకిలుకింకా స్టాండైనా వెయ్యకుండానే.

"పెన్ను పట్టుకున్నాడు నాన్నా."

"పట్టుకుంటే?"

"తాత సెప్పినాడు కదా. పెన్నున్నోడికి కాగితం వయసు సెప్పాలని."

మంచం మీంచి తాత గొంతు సవరించుకున్నాడు. "గుంట కరట్టుగానే సెప్పినాది. పోలీసోడితో అబద్దమాడమంటావేట్రా?"

"అబద్దం ఏది నాన్నా? పదారు అబద్దమా, పద్నాలుగు అబద్దమా?"

"కాగితంలో లేందేదైనా అబద్దమే."

వంటింట్లోంచి దేవమణి గరిటెతో సహా వచ్చింది. "ఏటి మావా నువ్వు మాటాడతన్నావు? కన్నదాన్ని నాను. నాకు తెల్దేటి ఎన్నేల్లో? మా ఊర్లో ఆవేల కరెంటు నేదు. లాంతరెట్టుకుని కన్నాను. పదారు నిండిపోనాయి. ఇంకో రెండేల్లాగితే పద్దెనిమిది. దీన్ని కోడల్ని సేసుకోమని మా అన్నకి మాటిచ్చినాను."

"నువ్వు కన్నావు, ఎవులు కాదన్నారు?" అన్నాడు తాత. "రాయించింది నాను."

ఎబినేజర్ ఇద్దరికేసీ చూశాడు. ఒకే ఇంట్లో ఒకే పిల్లకి ఒకరు పెళ్ళికోసం పదహారు పట్టుకు కూర్చున్నారు, ఒకరు లేని ఉద్యోగం కోసం పద్నాలుగు పట్టుకు కూర్చున్నారు. పిల్ల మాత్రం గోడకి జారబడి, క్లాసు పోయిందని గోళ్ళు కొరుక్కుంటోంది. వరుసగా వారం రానివాళ్ళ చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట అక్కడ. ఆ మాట షైని ఎవరితోనూ గట్టిగా అనలేదు. తల్లి అడిగితే చెప్పింది.

మర్నాడు ఎబినేజర్ దుకాణం తెరవకుండా తిరిగాడు. అసలీ రూలు ఎవరిదో తేలితే, వాళ్ళ కాళ్ళో గడ్డమో పట్టుకోవచ్చని అతని ఆలోచన. ముందు రైల్వే వాళ్ళ ఆఫీసుకి పోయాడు. అక్కడి గుమాస్తా బాబు చెప్పిందేమిటంటే, పూరీగేటు దాకా ఉన్న నేలంతా రైల్వేది, అక్కడ మున్సిపాలిటీ రూలు నడవదు. అయితే బండి ఇప్పించండి బాబూ అంటే, బండి పట్టింది పోలీసులు కదా, పోలీసులు రాష్ట్రం వాళ్ళు అన్నాడు. మరి వాళ్ళ చౌకీ ఎవరి నేలమీదుంది అని అడిగితే, రైల్వే నేలమీదే అన్నాడు. అలా అన్నాక ఆ బాబుకే అనుమానమొచ్చి పక్క బల్ల వాణ్ణి అడిగాడు. వాడు టీ తాగుతూ, ముద్ర చూశావా అన్నాడు. చూశాను, అర్థం కాలేదు అన్నాడు ఎబినేజర్. మాకూ కాలేదు అన్నాడు వాడు.

అక్కణ్ణించి స్కూటీ షాపుకి పోయాడు. షాపువాడు చేతులు తిప్పాడు. లైసెన్సు అక్కర్లేదన్నాను దాదా, ఇప్పటికీ అదే అంటున్నాను, వయసు సంగతి నేనేమైనా అన్నానా? అన్నాడు. నిజమే, అనలేదు. లైసెన్సు అక్కర్లేని బండికి వయసు కావాలా, నంబరు లేని బండిని ఏమని రాసుకుని పట్టుకున్నారు అని ఎబినేజర్ గుమ్మంలోనే నిలబడి కాసేపు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ తల తిరిగిందే తప్ప దారి కనిపించలేదు. ఎనిమిది తప్పినోడిని కాబట్టి నాకు తెలియడం లేదనుకుందామంటే, చదువుకున్నవాళ్ళూ ఇంతే సంగతులు చెబుతున్నారు.

చివరికి చర్చికి పోయాడు. పిల్ల పుట్టిన కొన్ని నెలలకే ఇక్కడికి తెచ్చి, పసివాళ్ళని దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ చేయించారు కదా, ఆ కాగితం నకలు పాస్టరు గారు ఇచ్చారు. అందులో పుట్టినరోజు అసలుది. దేవుడి దగ్గర వయసు తగ్గించేంత ధైర్యం తాతకి కూడా లేకపోయింది.

బుధవారం సాయంత్రం పుస్తకాల సంచీ, హెల్మెట్‌తో సహా షైనిని వెంటబెట్టుకుని చౌకీకి వెళ్ళాడు. స్కూటీ వాకిట్లో వేపచెట్టు కింద, రెండు పాత మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి ఉంది. సీటు మీద ఆకులు రాలాయి. షైని పోయి తుడిచి వచ్చింది.

లోపలున్న చిన్న దారోగా, మన ఎస్సైలాంటివాడు, తలెత్తి ఎబినేజర్‌ని చూసి నవ్వాడు. "అరే, టైలర్ దాదా!" అతను ఇదివరకు సాలువా క్యాంపులో ఉండేవాడు. ఒంటిమీదున్న చొక్కా ఎబినేజర్ కుట్టిందే. కాలర్ కాస్త అరిగింది గాని భుజాలు ఇంకా సరిగ్గా కూర్చున్నాయి. కూర్చోమన్నాడు, టీ చెప్పాడు. పోలీసు చౌకీలో కుర్చీ ఇవ్వడం ఎబినేజర్‌కి కొత్త. అంచుమీద కూర్చున్నాడు.

వచ్చిన బెంగాలీలో, చాలనిచోట హిందీ కలిపి, సంగతి చెప్పుకున్నాడు. పిల్లకి పదహారు నిండాయి, స్కూల్లో రాయించింది పద్నాలుగు, భయపడి అదే అంది, ఇదిగో చర్చి కాగితం.

దారోగా కాగితం చూశాడు. మళ్ళీ షైనిని చూశాడు. "పన్నెండేళ్ళ వెధవలు నాకు పద్దెనిమిది అని చెబుతారు దాదా. మీసం కూడా గీసుకొస్తారు. ఎక్కువున్నది తక్కువ చెప్పి బండి పోగొట్టుకున్న మనిషిని ఇదే చూడటం."

"మా వాళ్ళ అలవాటు సార్."

"ఏం అలవాటు?"

ఎక్కణ్ణించి మొదలెట్టాలా అనుకున్నాడు ఎబినేజర్. మా నాన్న వర్క్‌షాపు నుంచా?

"సరే," అన్నాడు దారోగా. "నాకీ కాగితం చాలు. బండి ఇప్పుడే పట్టుకుపో. అమ్మాయే నడుపుకుంటూ పోవచ్చు. ఒకటే పని. స్కూల్లో పద్నాలుగు అని ఉంది కదా, ఈ కాగితం నకలు స్కూలుకి పంపిస్తాను. వాళ్ళు దిద్దుకుంటారు. రేపెవడైనా నన్నడిగితే నా దగ్గర జవాబుండాలి."

ఇంతేనా అనుకున్నాడు ఎబినేజర్. దిద్దితే దిద్దుకోనీ. లేని ఉద్యోగానికి రెండేళ్ళెక్కువుంటే ఎంత, తక్కువుంటే ఎంత? తన బతుకులో ఆ రెండేళ్ళు ఎక్కడా కనబడలేదు. నాన్న మంచం మీంచి రెండు రోజులు సణుగుతాడు, అంతే. తలూపబోయాడు.

దారోగా పెన్ను తీసి షైని వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు తల్లీ, రాసుకుంటాను. చోద్దోనా, షోలోనా?"

షైని పెన్ను వైపు చూడలేదు ఈసారి. కిటికీలోంచి స్కూటీని చూసింది. తండ్రిని చూసింది. గోరు నోటి దాకా తీసుకెళ్ళి దింపేసింది.

"చోద్దో," అంది.

"ఒలే!" అన్నాడు ఎబినేజర్ తెలుగులో. "పెన్నుందని బయపడకే. దాదా మనోడే. పదారు అను, బండిచ్చేస్తాడు."

"బయం కాదు నాన్నా. పద్నాలుగే."

"మరి క్లాసు?"

షైని కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మాట మార్చలేదు. దారోగా ఒకసారి తండ్రిని, ఒకసారి కూతుర్ని, ఒకసారి కాగితాన్ని చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. చర్చి కాగితం మడిచి ఎబినేజర్ జేబులో తనే పెట్టాడు.

"ఇది నేను చూడలేదు. నువ్వు తేలేదు. పద్నాలుగైతే రూలు వేరే. బండి తండ్రికి ఇస్తాను. పదహారు నిండేదాకా నడపనివ్వనని నువ్వు రాసివ్వాలి. నడిపితే నువ్వే నడపాలి."

"నానా?" అన్నాడు ఎబినేజర్ తెలుగులోనే. ముప్పై ఏళ్ళుగా సైకిలు తప్ప ఇంకోటి ఎక్కి ఎరగడు.

దారోగా రాయడం మొదలెట్టాడు. పేరు, ఊరు, పని. చివర తలెత్తకుండా అడిగాడు.

"నీ వయసు?"

ఎబినేజర్ ఆగాడు. నలభై ఆరా, నలభై ఎనిమిదా? ఒకటి కాగితానిది, ఒకటి తనది. ఏది ఏదో ఎప్పుడూ తెలిసే ఉండేది. ఈ మూడు రోజుల తిరుగుడులో రెండూ కలిసిపోయాయి. ఆ పెన్ను అలాగే ఆగి ఉంది. మనిషికి తన వయసు తెలియకపోతే పిచ్చివాడనుకుంటారని చెమట పట్టింది.

"పెన్ను నాన్నా," అంది షైని మెల్లగా, పక్కనుంచి. "తక్కువది."

"నలభై ఆరు," అన్నాడు.

బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడ్డారు. స్కూటీ తాళం ఎబినేజర్ చేతిలో ఉంది. దాన్నేం చెయ్యాలో తెలియనట్టు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇప్పుడు సెప్పు. ఏటిదంతా? తాత మాటకేనా?"

"తాతకేటి తెలుసు, పాపం. రైల్వే అంటాడు." షైని సీటు మీద పడిన ఇంకో ఆకు తీసి పారేసింది. "పదారు అని స్కూల్లో దిద్దేస్తే, ఇంకో రెండేల్లకి నాకు పద్దెనిమిది. అమ్మ మామయ్యకి మాటిచ్చినాది. పాస్టరు గారు ఆ కాగితం సూసి సరే అంటారు. పద్నాలుగైతే ఇంకా నాలుగేల్లు. గవర్నమెంటు కాగితం పద్దెనిమిది సూపించకుండా సర్చిలో పెల్లి సెయ్యరు కదేటి. నాలుగేల్లలో ఏదో ఒకటి సదివేస్తాను."

తన తండ్రి దొంగిలించి తెచ్చిన రెండేళ్ళని ఎబినేజర్ ఇన్నాళ్ళూ పనికిరాని సరుకనే అనుకున్నాడు. ఆ సరుకుని ఈ పిల్ల ఎప్పుడు చూసుకుంది, ఎక్కడ దాచుకుంది? దేవమణికి ఈ మాట చెప్పాలా వద్దా? చెబితే చర్చి కాగితం ఉంది కదా అంటుంది. చెప్పకపోతే తనూ అబద్ధంలో భాగమే. అయినా అబద్ధం ఎవరిది? ఆలోచన ఓ చోట నిలవలేదు. చొక్కా జేబులో ఆ కాగితం గరగరలాడింది. దాన్ని తీసి, చింపబోయి, దేవుడి కాగితం కదా అని మానేసి, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"మరి క్లాసో?" అన్నాడు మళ్ళీ.

"పోతే పోనాది. నడుస్తాను."

"సీకట్లో నడిసొస్తావేటి, మాటకి బాగుంది." ఎబినేజర్ బండి దగ్గరికి పోయాడు. "ఇదెలాగ మొదలెడతారు?"

షైని గులాబీ హెల్మెట్ అతని నెత్తికి తొడిగింది. బిగుతుగా ఉంది. చెవులు మడతపడ్డాయి. ఆ పిల్ల పట్టీ పెడుతుంటే, చిన్నప్పుడు తను ఈ పిల్లకి బడికి బొత్తాలు పెట్టిన సంగతి గుర్తొచ్చి తల తిప్పుకున్నాడు.

"కుడిసేత్తో తిప్పడమే నాన్నా. మెల్లగా. కాల్లతో పన్లేదు."

కాళ్ళతో పని లేదంటే కాళ్ళు వింటాయా? బండి కదలగానే ఎబినేజర్ పాదాలు రెండూ పెడళ్ళ కోసం గాల్లో వెతకడం మొదలెట్టాయి. బండి ఓ పక్కకి ఒరిగింది. వెనక కూర్చున్న షైని నేలకి కాళ్ళు తన్ని నిలబెట్టింది. చౌకీ గుమ్మంలో నిలబడిన దారోగా, ఖాకీ ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈ మనిషికి బండి ఇచ్చి తప్పు చేశానా అన్నట్టు చూస్తున్నాడు.

"బ్రేకు, నాన్నా, బ్రేకు! అది కాదు, అది హారన్."

పూరీగేటు దగ్గర సోమవారంనాటి కానిస్టేబులే ఉన్నాడు. బండి రోడ్డు మధ్యకి పోయి, ఓ టోటోని రాసుకుంటూ తప్పించి, మళ్ళీ అంచుకొచ్చింది. టోటోవాడు బెంగాలీలో ఎబినేజర్ తల్లిని తలుచుకున్నాడు. కానిస్టేబుల్ బండిని చూశాడు. నడిపేది పెద్ద మనిషి, నెత్తిన హెల్మెట్ ఉంది, వెనక పిల్ల బుద్ధిగా కూర్చుంది. అంతా రూలు ప్రకారమే ఉంది. చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

ఇంతకాలం బాగా నడిపిన పిల్లని ఆపారు, ఇప్పుడు నడపడం రాని తనని పొమ్మంటున్నారు. పిల్లల క్షేమం కోసమని గోడమీద రాసిందిదేనా అనుకున్నాడు ఎబినేజర్. అనుకుంటే బండి ఊగింది. అనుకోవడం మానేశాడు.

"ఇల్లు ఎడం పక్కకి, నాన్నా," అంది షైని మలుపు దగ్గర. కాసేపాగి, "హిజ్లీ తిన్నగా," అంది.

బండి తిన్నగా పోయింది. అతను తిప్పాడో, అదే పోయిందో షైనికి తెలియలేదు.

క్యాంపస్ గేటు ముందు బండి ఆపడానికి ఎబినేజర్ రెండు చెప్పులూ నేలకి రాచాడు. షైని దిగి, పుస్తకాల సంచీ భుజానికి వేసుకుని, రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"రేపో?"

"రేపు సాయంత్రం క్యాంపుకి బట్టలివ్వాల. ఇవ్వకపోతే సంపేస్తారు నన్ను."

షైని తలూపింది. తిరిగి వెళ్ళబోయింది.

"ఒలే," అని పిలిచాడు ఎబినేజర్. చెవులు నొప్పెడుతున్నాయి. హెల్మెట్ తీద్దామంటే పట్టీ ఎలా ఊడుతుందో తెలియడం లేదు. "ఎన్ని గంటలకి మొదలెడతారీ క్లాసు?"